"వచ్చింది" అన్న నూకాలు

మన ఊళ్ళకి ఇంకా పేర్లు కుదరని రోజుల్లో బంగారయ్య అని ఒక పెంకుల పనివాడు ఉండేవాడు. కింద నిలబడి కప్పు మీదికి పెంకు విసరడంలో అతన్ని మించినవాడు లేడని ఏడూళ్ళూ అనేవి. అతనూ అదే అనుకునేవాడు. పైన అందుకునేవాడు నూకాలు, బక్కమనిషి. అతని ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు.

"పట్టు," అని బంగారయ్య విసిరేవాడు. "వచ్చింది," అని నూకాలు పైనుంచి అనేవాడు. అప్పటికే బంగారయ్య వంగి ఇంకో పెంకు తీస్తుండేవాడు. పట్టు, వచ్చింది. పట్టు, వచ్చింది. ముప్పై ఏళ్ళు అలాగే గడిచాయి.

ఒక ఎండాకాలం నూకాలు జ్వరమొచ్చి పోయాడు. అందుకునేవాళ్ళకేం కరువులే అనుకున్నాడు బంగారయ్య.

ఊరుమ్మడి ధాన్యపు కొట్టుకి కప్పు వెయ్యాలి. మబ్బులు పట్టాయి. గింజలు తడిస్తే ఊరంతా పస్తే. పైగా ఒకే పనిలో మూడు పెంకులు పగిలితే విసిరేవాడు మళ్ళీ పెంకు ముట్టకూడదని పెంకుల పనివాళ్ళ కట్టుబాటు.

మొదటిరోజు ఒకడు పైకెక్కాడు. పట్టు. పెంకు భళ్ళుమంది.

"చేతులకి వెన్న రాసుకొచ్చావా?" అని బంగారయ్య అతన్ని దింపేశాడు.

రెండోరోజు సన్నాసయ్య అని ఇంకొకడు ఎక్కాడు. పట్టు. మళ్ళీ భళ్ళుమంది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావు?" అన్నాడు గానీ, ఇంకొక్కటి పగిలితే తన పని ఆఖరని బంగారయ్యకి తెలుసు. నేరుగా నూకాలు పెళ్ళాం చిట్టెమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"వాడు కప్పు మీద ఎక్కడ నిలబడేవాడమ్మా? వీళ్ళకి ఆ చోటు చూపించాలి."

"నిలబడ్డదెక్కడ బావా? నువ్వు ఒకటి ఇటు, ఒకటి అటు విసిరేవాడివి. వాసాల మీద పరిగెత్తి పట్టేవాడు. రెండుసార్లు పడబోయాడు కూడా."

"మరి నాతో ఒక్కనాడూ అనలేదే?"

"అంటే నీ చెయ్యి వణుకుతుందన్నాడు."

బంగారయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు.

మూడోరోజు సన్నాసయ్యనే బతిమాలి ఎక్కించాడు. పెంకు తీసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తలెత్తి చూశాడు. పట్టు. పెంకు పక్కకే పోయింది. సన్నాసయ్య రెండడుగులు ఉరికి ఒడిసి పట్టాడు.

"వచ్చింది," అన్నాడు, అందుకునేవాళ్ళందరూ అనేలాగే.

"రాలేదురా. నువ్వు పట్టావు," అన్నాడు బంగారయ్య.

చినుకు పడేలోపు కొట్టు నిండా కప్పు పడింది.

ఇప్పటికీ ఆ వైపు పెంకుటిల్లు కప్పేటప్పుడు పైవాడు "వచ్చింది" అంటే కిందివాడు "నువ్వు పట్టావు" అనాల్సిందే. అనకపోతే రెండో పెంకు విసరనివ్వరు. ఎవడైనా తన గొప్పే చెప్పుకుంటుంటే ముసలివాళ్ళు ఒక్క మాటే అడుగుతారు.

"సరే నాయనా, పైన నూకాలు ఎవరు?"