హుసేనమ్మ హస్తవాసి

నాగరత్నానికి ఒళ్ళు మండించే మాట ఒకటే. "హుసేనమ్మది మంచి హస్తవాసి."

తామరకీ గజ్జికీ పైపూత మందులిచ్చే తిప్పమ్మవ్వ దగ్గర నాగరత్నం తొమ్మిదేళ్ళుగా శిష్యరికం చేస్తోంది. ఆ పూతకి నల్లజీడి గింజల తైలం కాచేది తనే. హుసేనమ్మ వచ్చి ఏడాది నిండలేదు. అయినా అవ్వ ఇల్లున్న మిట్టెక్కి వచ్చినవాళ్ళంతా, "ఆ కొత్తామెను పూయమనండి" అంటారు.

ఇక కోపం పట్టలేక ఒకరోజు అడిగేసింది.

"పొయ్యి కాడ పొగ నాకు, పేరు దానికా అవ్వా? నా చేతిలో లేనిది దాని చేతిలో ఏముంది?"

అవ్వ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చేతులు చాపింది. రెండు మోచేతుల కిందా తామర లేచి ఉంది.

"చెరొకటీ చూడండి."

నాగరత్నం తైలంలో పుల్ల ముంచి మచ్చ మేరకే పూసింది. ఒక్క బొట్టు పక్కకు కారలేదు. హుసేనమ్మ రెండో చేతికి తామర లేనిచోట ఆవగింజంత చుక్క పెట్టి ఊరుకుంది.

"ఏమే, తైలం అయిపోతుందనా?"

"రేపటి దాకా చూస్తానక్కా, పడుతుందో లేదో."

"అవ్వకే పరీక్షా! నువ్వు పుట్టకముందు నుంచీ ఈ మందు ఇస్తోంది ఆమె."

హుసేనమ్మ తల వంచుకుంది.

తెల్లారేసరికి చుక్క పెట్టిన చోట చిన్న పొక్కు. నాగరత్నం పూసిన చెయ్యి మాత్రం మణికట్టు దాకా వాచి, బొబ్బలెక్కి, రసి కారుతోంది.

నాగరత్నం అవ్వ ముందు కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది.

"నాకు నల్లజీడి పడదే," అంది అవ్వ నెమ్మదిగా. "ముప్పై ఏళ్ళు కాచి కాచి పడకుండా పోయింది. అందుకే పొయ్యి నీకిచ్చినా. ఇంకెవరిని నమ్మేది?"

"ఒక్క మాట చెప్పకపోతివే అవ్వా."

"నువ్వు అడగకపోతివి."

హుసేనమ్మ ఆ చెయ్యి నీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో అద్దింది. కొబ్బరినూనె గిన్నె తెచ్చి నాగరత్నం ముందు పెట్టింది.

"నువ్వే రాయక్కా."

నాగరత్నం వేలు గిన్నె మీదే ఆగిపోయింది. అవ్వ మొహంలోకి చూసింది.

"ఇది నీకు పడుతుందా అవ్వా?"