ఎడమచేతి ఆట

చెయ్యి విరిగిన తర్వాత తారకం పూల్ హాలు ఉన్న వీధిలోకి వెళ్ళడం మానేశాడు. ఆటోనగర్‌లో తను పనిచేసే స్పేర్ పార్టుల దుకాణానికి అదే దగ్గర దారి. అయినా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

పటమటలో ఒక మందుల షాపు మేడమీద ఉండేది ఆ హాలు. కర్రతో బంతుల్ని కొట్టి గుంటల్లో వేసే ఆటకు నాలుగు టేబుళ్ళు, గోడకు ఆనించిన కర్రలు, కిటికీ పక్కన కూర్చోడానికి ఓ బెంచీ. నడిపేది జకరయ్య మాస్టారు. తెల్లటి గడ్డం, మోచేతుల దాకా మడిచిన చొక్కా. తారకానికి ఆట నేర్పింది ఆయనే.

ఆ హాల్లో ఆటగాళ్ళకు పేర్లుండేవి. నూజివీడు వైపు నుంచి మామిడికాయల లారీలతో వచ్చేవాళ్ళెవరో సరదాకి మొదలుపెడితే అలాగే నిలిచిపోయాయి. కొత్తగా వచ్చి, కొట్టాల్సిన బంతిని వదిలేసి తెల్లబంతినే గుంటలో పడేసేవాడు పిందె. అప్పుడప్పుడూ గురి కుదిరేవాడు కాయ. ఇంకాస్త ఓపిక పడితే పనికొస్తాడనిపించేవాడు దోర. ఒకసారి వంగాడంటే టేబులంతా ఖాళీ చేసిగానీ నడుమెత్తనివాడు పండు.

తారకం పండు. అంతేకాదు, పేర్లు పెట్టే పని కూడా అతనే తీసుకున్నాడు. కొత్తవాళ్ళు కర్ర పట్టుకున్న తీరు చూసి, బెంచీ మీద నుంచి లేవకుండానే తీర్పు చెప్పేసేవాడు. 'రాలినకాయ' అన్న మాట అతను కల్పించిందే. ఒకప్పుడు బాగా ఆడి, ఇప్పుడు ఆడలేనివాళ్ళకు ఆ పేరు. మొట్టమొదట దాన్ని శేషగిరిగారికి తగిలించాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఆయనకు చూపు మందగించింది. ఆరోజు హాలంతా నవ్వింది. శేషగిరిగారు కూడా నవ్వారు.

మాస్టారు మాత్రం టేబులు మీది గుడ్డని బ్రష్షుతో దులుపుతూ ఉండిపోయారు.

ఆ వానాకాలంలోనే బందరు కాలవ గట్టు మీద తారకం బండి జారింది. కుడి మణికట్టు విరిగింది. లోపల ప్లేట్లు వేశారు. కట్టు విప్పిన రోజు డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నం కలుపుకోగలవు, బండి నడుపుకోగలవు. మణికట్టు మాత్రం మునుపటిలా తిరగదు," అన్నాడు.

ఇంటికొచ్చాక తారకం కర్టెన్ గొట్టం ఊడదీసి, మంచం మీదికి వంగి, ఆట కర్రలా పట్టి కొట్టబోయాడు. గొట్టం గురి తప్పి పక్కకు పోయింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అంతే. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న భార్య సుగుణ చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక హాలుకు వెళ్తే ఏమంటారో అతనికి తెలుసు. ఆ మాట కల్పించింది తనే.

ఒకరోజు పొద్దున్నే మాస్టారు ఇంటికి వచ్చారు. చెయ్యి గురించి అడగలేదు, ఆట మాట ఎత్తలేదు. సుగుణ పెట్టిన పెసరట్టు తిని, "ఇంకోటి వెయ్యమ్మా," అని అడిగి మరీ తిన్నారు. చెప్పులేసుకుంటూ అన్నారు.

"సాయంత్రం ఓసారి రారా. నాకు జోడీ దొరకడం లేదు."

"నాతో ఏం ఆడతారు మాస్టారూ? నేనిప్పుడు రాలినకాయని."

"నేర్చుకోడానికి కావాలి జోడీ. గెలవడానికి కాదు."

తారకానికి అర్థం కాలేదు. మాస్టారు ఇంకా నేర్చుకునేది ఏముంది? వెళ్ళకూడదనుకున్నాడు. సాయంత్రానికి సుగుణ ఇస్త్రీ చొక్కా తెచ్చి కుర్చీ మీద వేసింది. వెళ్ళాడు.

మెట్లెక్కి లోపలికి అడుగు పెట్టగానే అందరి చూపులూ అతని చేతి మీదే. బెంచీ మీద శేషగిరిగారు కొంచెం పక్కకు జరిగి, చోటు చూపించారు. తారకం కూర్చున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆరోజు నేను ఆ పేరు పెట్టినప్పుడు మీకు కోపం రాలేదా అండీ?"

"ఎందుకు రాలేదూ? బాగా వచ్చింది," అన్నారాయన. "నీ మీద వచ్చింది. ఆట మీద రాలేదుగా. అందుకే మర్నాడు కూడా వచ్చాను."

ఈలోగా మాస్టారు బంతులు పేర్చి, కర్ర తీసుకుని టేబులు దగ్గరకు వచ్చారు. కర్రని ఎడమచేత్తో పట్టుకున్నారు. కుడిచేతిని గుడ్డ మీద ఆనించి, వేళ్ళ మధ్య కర్ర కొస పెట్టి వంగారు.

ఆయన ఎడమచేత్తో ఆడటం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

కొట్టారు. కర్ర జారింది. తెల్లబంతి గాల్లోకి ఎగిరి, టేబులు దాటి, సరిగ్గా శేషగిరిగారి ఒళ్ళో పడింది.

పాతవాళ్ళెవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. చివరి టేబులు దగ్గర మాత్రం, ఆ వారమే చేరిన కాలేజీ కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. వాళ్ళకు మాస్టారెవరో ఇంకా సరిగ్గా తెలియదు. "తాతగారు మనకన్నా పెద్ద పిందెరా!" అన్నాడొకడు.

తారకం దిగ్గున లేచాడు. "మీరెవరో వాళ్ళకు తెలీదు మాస్టారూ. నేను చెప్తాను."

"చెప్పకు," అన్నారు మాస్టారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "నన్ను ఎవరైనా అలా పిలిచి ఎంత కాలమైందో! ఉండనీ."

తర్వాత కర్ర అతని ఎడమచేతికి ఇచ్చారు.

తారకం వంగాడు. బిగుసుకుపోయిన కుడిచెయ్యి కొట్టడానికి పనికి రాదుగానీ, గుడ్డ మీద ఆనిస్తే కదలకుండా నిలబడింది. దాని మీద కర్ర ఆనించాడు. కొట్టాడు. బంతి తాను అనుకున్న దిక్కుకి కాక ఇంకెటో వెళ్ళి, టేబులు అంచుకు తగిలి ఆగింది. మాస్టారిది అంతకన్నా ఘోరంగా పోయింది. మళ్ళీ అతను. మళ్ళీ ఆయన. ఇద్దరిలో ఎవరూ ఒక్క బంతినీ గుంటలోకి పంపలేకపోయారు. ఆడుతూ ఆడుతూ తారకానికి నవ్వు ఆగలేదు. మాస్టారికీ ఆగలేదు. టేబులు అంచు పట్టుకుని ఇద్దరూ నవ్వారు.

ఇంటికి వెళ్ళి, శేషగిరిగారి ఒళ్ళో బంతి పడిన సంగతి చెబుతుంటే సుగుణ నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దేవుడి పటం వైపు తిరిగి, జకరయ్య మాస్టారి పేరు పైకే చెప్పి దణ్ణం పెట్టింది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఇద్దరూ కిటికీ పక్క టేబులు దగ్గర ఆడేవాళ్ళు. వానలు పోయి చలి వచ్చింది. తారకం ఎడమచేతికి నెమ్మదిగా గురి కుదరసాగింది. మాస్టారికి అంత తొందరగా కుదరలేదు. వయసు మీద పడిన చెయ్యి. అయినా ఆయన మళ్ళీ కుడిచేత్తో కర్ర పట్టలేదు.

ఓ ఆదివారం తెనాలి నుంచి ఒకాయన వచ్చాడు. మాస్టారి పేరు విని, ఆయనతో ఒక్క ఆట ఆడాలని పనిగట్టుకుని వచ్చాడు. పాతవాళ్ళంతా టేబులు చుట్టూ చేరారు. ఇవాళైనా ఆయన అసలు ఆట చూడొచ్చని వాళ్ళ ఆశ. మాస్టారు ఎడమచేత్తోనే ఆడారు. చిత్తుగా ఓడిపోయారు. తెనాలి ఆయన చేతులు దులుపుకుని, "పేరు పెద్దదేగానీ ఆట ఏమీ లేదు," అంటూ మెట్లు దిగాడు.

తారకం అతని వెనకే పరిగెత్తబోయాడు.

"తారకం," అన్నారు మాస్టారు. "నీ వంతు."

తారకం వెనక్కి వచ్చాడు. కర్ర తీసుకోలేదు.

"నా కోసం ఇంత పడాలా మాస్టారూ? అందరి ముందూ ఆ మాట కూడా పడ్డారు."

"మొదలుపెట్టింది నీ కోసమే," అన్నారు మాస్టారు, కర్ర కొసకు చాక్ రాస్తూ. "కుడిచేత్తో కొడితే బంతి ఎటు పోతుందో కొట్టకముందే తెలిసిపోయేది నాకు. చూడటానికేం మిగిలేది కాదు. ఇప్పుడు తెలియట్లేదు. పొద్దున్న లేస్తే సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉంటోంది. నీ పుణ్యమా అని."

తారకం వంగి ఆయన పాదాలు తాకబోయాడు. మాస్టారు అతని చేతిలో కర్ర పెట్టారు.

సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం, హాలు ఖాళీగా ఉన్నప్పుడు, ఒకావిడ మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. యాభై దాటిన మనిషి. ఎదురుగా ఉన్న ఎల్ఐసీ ఆఫీసులో పని. రోజూ కిటికీలోంచి బంతుల చప్పుడు విని, లోపలికి రావాలా వద్దా అని చాలాకాలం ఆలోచించిందట.

"ఇక్కడ నాలాంటివాళ్ళకు నేర్పుతారా అండీ?"

మాస్టారు టేబులు దగ్గర వంగి ఉన్నారు. తలెత్తకుండా తారకం వైపు చెయ్యి చూపించారు.

"రండమ్మా," అన్నాడు తారకం.

ఆమె లోపలికి వచ్చింది. కర్రల వైపు, గుడ్డ మీది బంతుల వైపు బెదురుగా చూసింది.

"మీరెప్పట్నుంచి ఆడుతున్నారు?"

"ఎడమచేత్తో ఈమధ్యే మొదలుపెట్టానమ్మా. నేనూ నేర్చుకుంటున్నాను."

ఆమెకు కాస్త ధైర్యం వచ్చినట్టుంది. నవ్వింది. "మా ఆఫీసులో కుర్రాళ్ళు చెప్పారు. ఇక్కడ ఆటను బట్టి మనుషులకు పేర్లు పెడతారటగా. మరి నన్నేమంటారు?"

తారకం గోడ దగ్గరకు వెళ్ళి, తేలిగ్గా ఉండే కర్ర ఒకటి వెతికి తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"మీ పేరేంటమ్మా?"

"విజయకుమారి."

"అయితే విజయకుమారిగారు అంటాం."

మాస్టారు నడుమెత్తి నిలబడ్డారు. తారకం వైపు ఒక్కసారి చూశారు. కిటికీలోంచి కిందికి వంగి, మూడు టీలు పంపమని టీ కొట్టువాడికి కేకేశారు.