తిరపతమ్మ ఆదివారం పొట్లం

అనగనగా ఒక మగ్గాల ఊళ్ళో తిరపతమ్మ అనే అవ్వ ఉండేదిట. తెల్లారితే కాళ్ళు మగ్గం గుంటలో, కళ్ళు మగ్గం మీద సాగదీసిన పడుగు దారాల మీద. ఎండ మొహం చూసేదే కాదు. వింటున్నావా? ముందు ఆ కాలు దుప్పట్లో పెట్టుకో.

ఆవిడకి ఒకటే ఆశ. మనవరాలు కుందన ఓణీల ఫంక్షన్‌కి జరీ అంచు నూలు ఓణీ తన చేత్తో నెయ్యాలని. సరిగ్గా అప్పుడే మోకాళ్ళు పట్టేశాయి. డాక్టరమ్మ పరీక్ష చేయించి, "ఎండ తగలక డి విటమిన్ తగ్గింది. ఈ పొడి పొట్లం వారానికి ఒకటే, ఆదివారం పాలల్లో కలుపుకు తాగండి" అంది.

తిరపతమ్మకి అంత ఓపికెక్కడిది? వారానికొకటి తాగితేనే బలమొస్తే, రోజుకొకటి తాగితే ఇంకెంత బలమో అనుకుంది. అంతే, ప్రతి రోజునీ ఆదివారం చేసేసింది. అయిపోతే మళ్ళీ తెప్పించుకుంది. ఎవరికైనా చెప్పిందా? లేదు, మొండిఘటం.

రెండు నెలలు తిరిగేసరికి ముందు దాహం పట్టుకుంది. చెంబులు చెంబులు తాగినా తీరదు. ఆ తర్వాత అన్నం సయించలేదు, తిన్నదల్లా కక్కుకుంది. ఆ తర్వాత మగ్గం దగ్గర కూర్చుని, దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె చేత్తో పట్టుకుని, దాన్నేం చెయ్యాలో మర్చిపోయింది.

అప్పుడు కోడలు సామ్రాజ్యానికి అనుమానమొచ్చింది. మంచం కింద చూస్తే అన్నీ ఖాళీ పొట్లాలే. వాటిని కొంగున మూటగట్టి, అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. తెలివైన పిల్ల.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. "కాల్షియం బాగా పెరిగిపోయింది. ఇంకా ఆలస్యమైతే కిడ్నీలు పోయేవి" అంది.

"బలం మందే కదమ్మా" అని గొణిగింది తిరపతమ్మ.

"పడుగుకి గంజి ఎందుకు పెడతారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"బలానికి."

"మరీ ఎక్కువ పెడితే?"

"బిరుసెక్కి, పోగులు తెగిపోతాయి" అంది తిరపతమ్మ మెల్లిగా.

అప్పుడు పొట్లాలు మాన్పించారు, సెలైన్ ఎక్కించారు. నాలుగు రోజులు సామ్రాజ్యం మంచం పక్కనే కూర్చుంది. ఐదో రోజు పొద్దున్న తిరపతమ్మ ఒక్క గ్లాసు నీళ్ళు తాగి, "చాలు" అంది. ఆ ఒక్క మాటకి సామ్రాజ్యం హాయిగా ఏడ్చేసింది.

ఆ తర్వాత తిరపతమ్మ రోజూ కాసేపు అరుగు మీద ఎండలో కూర్చునేది. డాక్టరమ్మని అడక్కుండా ఒక్క మాత్ర కూడా ముట్టుకునేది కాదు. ఓణీ కాస్త ఆలస్యమైంది, అయితేనేం, తన చేత్తోనే నేసింది.

కథేమో కంచికి,
ఓణీ కుందన ఒంటికి,
నిద్రేమో నీ కంటికి.