మంచుతాతకు తేలని రాళ్ల లెక్క

ఒకప్పుడు భూమికి దక్షిణపు కొసన మంచుతాత కొండమీంచి సముద్రం దాకా కాళ్లు బారజాపుకుని పడుకునేవాడు. ఒడ్డున అక్కడక్కడ కాస్త పొడినేల తేలేది. తాత ఒళ్లు విరిచాడంటే అదీ మాయం!

ఆ ఒడ్డునే తుర్రమ్మ అనే పెంగ్విన్ ఉండేది. పోయినేడు పెట్టిన గుడ్డు మంచులో గడ్డకట్టుకుపోయింది పాపం. మళ్లీ గుడ్డు పెట్టే వేళయింది.

"తాతా, తాతా! కాళ్లు ముడుచుకోవూ? పొడినేల మాకొదిలెయ్యవూ?"

"పొడినేలా? నా కళ్లకంతా తెలుపే. ఎక్కడెక్కడుందో పటం గీసి చూపించు."

తుర్రమ్మ ముక్కుతో పొద్దల్లా గీసింది. ఎక్కడా? మంచుమీదే! గాలి వచ్చి ఉఫ్‌మంది. పటమూ లేదు, గిటమూ లేదు.

"ఎంత పని చేశావయ్యా గాలిబావా!"

"నేనేం చేశానమ్మా? ఊపిరి వదిలానంతే!"

తుర్రమ్మ సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుంది. తల పైకెత్తేసరికి ఆలోచన తట్టింది. పొడినేల ఉన్నచోటే కదా గులకరాయి దొరికేది! చోటుకొక రాయి చొప్పున ముక్కున కరుచుకుని, పడుతూ లేస్తూ, పొట్టమీద జారుతూ తెచ్చి పేర్చింది.

"ఎన్ని రాళ్లో అన్ని చోట్లు తాతా!"

"సరే. లెక్క తేలేదాకా కాలు చాపను. తేలాక మాత్రం రాయి రాని చోటల్లా నాదే!" అని తాత కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"అయ్యో!" అనుకుంది తుర్రమ్మ. తను తిరగని చోట్లు ఇంకెన్నో ఉన్నాయి!

"ఒకటీ, రెండూ, మూ..."

తాత లెక్కపెడుతుండగానే మూడో రాయిని పక్కింటి పెంగ్విన్ పొట్టెమ్మ లటుక్కున ఎత్తుకుపోయింది.

"ఓసి దొంగమొహమా! నా పటం చెడగొట్టావు కదే!" అంటూ తుర్రమ్మ వెళ్లి పొట్టెమ్మ దగ్గర్నించి రెండు లాక్కొచ్చింది. అది చూసి ఇంకొకతె, ఆమెను చూసి వేరొకతె! ఒడ్డంతా ఒకటే పరుగులు, అరుపులు, రాళ్లు.

"మీ దుంపతెగ! ఈ నల్లరాయి ఇందాక అక్కడుంది కదే! మళ్లీ మొదట్నించీ... ఒకటీ..."

తాతకు కళ్లు తిరిగాయి. ఆ సందట్లోనే తుర్రమ్మ తన రాళ్లమీదే గుడ్డు పెట్టింది, పొదిగింది. పిల్ల బయటికొచ్చి అడిగింది:

"తాతా, ఏం చేస్తున్నావు?"

"ఉండవే! నూటపద... అయ్యో, మరిచిపోయా!"

అప్పటినుంచే పెంగ్విన్లు గులకరాళ్లు పేర్చి గూడు కట్టుకుంటాయి, పక్కగూటి రాయి దొంగిలిస్తాయి. ఎండాకాలమొస్తే ఆ ఒడ్డు పొడిగా ఉంటుంది. తాత ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు మరి!