పారా హుషార్

పేటలో దొంగతనాలు పెరిగాయని రాజుగారు నిలదీస్తే, కొత్వాలు భుజంగరాయుడు వెళ్లి తలారి గంగులు మీద విరుచుకుపడ్డాడు.

"రాత్రంతా 'పారా హుషార్' అని నా పడకగదికి వినబడేలా అరుస్తూ తిరగాలి. వినబడలేదో, నీ ఉద్యోగం ఊడినట్టే!"

గంగులు గొంతు చించుకున్నాడు. కొత్వాలు హాయిగా నిద్రపోయాడు.

తెల్లారి లేచి చూస్తే తలగడ పక్కన ఒర ఉంది, కత్తి లేదు! కొలువుకు పరిగెత్తాడు. అక్కడ గంగులు పెళ్లాం నాగి ఆ కత్తిని రాజుగారి ముందు పెడుతోంది.

"కొత్వాలు ఇంట్లోకే ఎలా దూరావు?" రాజుగారు నిర్ఘాంతపోయారు.

"మా ఆయన కేక ఆ చివర వినబడ్డప్పుడు ఈ చివర దూరాను మహాప్రభో. కొత్వాలుగారికి వినబడే కేక దొంగలకు వినబడదా?"

ఆ రాత్రి నుంచి గంగులు నోరు విప్పలేదు. దొంగలు గడప దాటలేదు, కొత్వాలుకు కునుకు పట్టలేదు.