తొండ పంగలకర్ర పట్టిన కథ

ఒకప్పుడు తొండకి తల ఊపడం తెలీదు. నమ్మరు కదా. కంచె మీద కూర్చుందంటే రాయి పెట్టినట్టే. గాలికి కొమ్మ ఊగినా దాని తల ఊగేది కాదు. ఎండుపుల్ల అనుకుని మిడతలే వచ్చి ముక్కు మీద వాలేవి. నోరు తెరిస్తే చాలు, అన్నం తినడం అయిపోయేది.

అప్పట్లో ఎర్రనేలల కాడ, ఒక వంక గట్టు మీద ఓబులేసు అనే తొండ ఉండేవాడు. మాట తక్కువ. మొహమాటం ఎక్కువ. ఎవరేం అడిగినా లేదని చెప్పడానికి అతనికి గొంతు పెగిలేది కాదు. అతని పెళ్ళాం సుంకులమ్మ. ఆమెకి అట్లాంటి ఇబ్బందులేం లేవు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. వంక ఎండిపోయింది. సుంకులమ్మకేమో కడుపునిండా గుడ్లు. తొండ గుడ్లు పెట్టాలంటే నేల తవ్వాల. లోపల మట్టి తడిగా ఉండాల. పొడిమట్టిలో పెడితే గుడ్డు ముడుచుకుపోతుంది, పిల్ల బయటికి రాదు. పాపం ఆమె తవ్వని చోటు లేదు. గోళ్ళు అరిగినాయి గానీ తడి తగల్లేదు.

"ఇంకెన్నాళ్ళు మోయాల నేను? నేలలో యాడో ఒకచోట తడి ఉండకపోదు. పోయి కనుక్కో. లేకుంటే నీ నెత్తిన పెడతా గుడ్లు" అంది.

ఓబులేసుకి భయం వేసింది. నెత్తి మీద గుడ్లు పెట్టుకుని కదలకుండా కూర్చోమంటే కూర్చోగలడు, అదే భయం.

అప్పుడు అతనికి ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ మధ్య ఒక చేన్లో బావి తవ్వాలని, నీళ్ళు పడే చోటు చూపించడానికి ఎవరినో పిలిపించారు. ఆయన పంగలకర్ర రెండు చేతులా పట్టుకుని చేనంతా నడిచాడు. ఒకచోట కర్ర కిందికి వంగింది. అందరూ అక్కడ టెంకాయ కొట్టి దండం పెట్టారు. ఆ బావిలో నీళ్ళు పడినాయో లేదో మటుకు ఓబులేసు చూడలేదు. టెంకాయ ముక్కలకి పట్టిన చీమల్ని తింటూ ఉండిపోయాడు.

ఆ కర్రేదో మనమే చేసుకుందాం అనుకున్నాడు.

మొదట తంగేడు పుల్ల విరిచాడు. ముందుకాళ్ళు నడవడానికి కావాల కాబట్టి పంగని నోట్లో కరుచుకుని గట్టంతా తిరిగాడు. కర్ర వంగలేదు. ఇది పచ్చిగా ఉంది అనుకున్నాడు. వేపపుల్ల పెట్టాడు. నోరంతా చేదయింది గానీ కర్ర వంగలేదు. జిల్లేడు పెట్టాడు. పాలు కారి పెదాలు అంటుకుపోయినాయి. ప్రతిసారీ తప్పు కర్రదే అనుకున్నాడు. తల కదలంది కర్ర ఎట్లా కదులుతుంది అన్న ఆలోచన అతనికి రాలేదు.

చివరికి కానుగపుల్ల కరుచుకుని పోతుంటే, ఒక చీమ మెడ కింద కుట్టింది. నోట్లో కర్ర ఉంది, అరవడానికి లేదు. పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి ఓబులేసు తల పైకీ కిందికీ ఆడించాడు. కర్ర పోయి నేలకి తగిలింది.

సరిగ్గా అప్పుడే పందికొక్కు పెద్దన్న కలుగులోంచి తల బయట పెట్టాడు. గట్టు మీద తవ్వకం పని ఏదైనా అతనిదే పెత్తనం. కుందేలునీ ఉడుమునీ కేకేసి పిలిచి, ఓబులేసు కర్ర పట్టినాడు, కర్ర వంగింది, నా కళ్ళతో చూసినా అని చెప్పాడు.

అది చీమప్పా అని చెప్పబోయాడు ఓబులేసు. నోట్లో కర్ర ఉండేసరికి ఊ ఊ అని మాత్రం వినిపించింది. చీమ ఇంకా వదల్లేదు.

"చూడండప్పా, మళ్ళీ ఊపుతున్నాడు. నీళ్ళు మస్తుగా ఉన్నట్టున్నాయి" అన్నాడు పెద్దన్న.

తవ్వారు. దుమ్ము లేచింది. ఇంకా తవ్వారు. ఎర్రదుమ్ము పోయి తెల్లదుమ్ము లేచింది. కుందేలు అనుమానంగా చూస్తే పెద్దన్న కసురుకున్నాడు. కర్ర తప్పు చెప్పలేదంట, మనమే లోతు పోలేదంట. రాయి అడ్డం వచ్చినాక, నీళ్ళు మనల్ని చూసి పక్కకి జరిగినాయి అన్నాడు. ఇంకోచోట చూడమని ఓబులేసుని బతిమాలాడు.

మొహమాటం కదా, చూశాడు. కుందేలు తన పొద ముందర చూడమంది. ఊపాడు. ఉడుము తన బండ పక్కన చూడమంది. అక్కడా ఊపాడు. కొన్నాళ్ళకి చీమ అవసరం లేకపోయింది. ఇంకొన్నాళ్ళకి కర్ర కూడా అవసరం లేకపోయింది. తల ఆడేవాడి ముక్కు మీద మిడత వాలదు కాబట్టి, అతని తిండి వాళ్ళే తెచ్చి పెట్టేవాళ్ళు. పెద్దాయన కాలు కదపకూడదు అనేవాళ్ళు. వంకగట్టంతా గుంతలు పడి జల్లెడయింది. ఒక్క గుంతలోనూ చెమ్మ లేదు. మర్యాద మటుకు పెరిగిపోయింది.

సుంకులమ్మకి నడవడం కూడా కష్టమయింది. ఒక మధ్యాహ్నం మెల్లగా పాకుతూ వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది. ఈసారి తిట్టలేదు.

"ఇన్ని గుంతలు చూపించినావు కదా. నాకు ఒక్కటి చెప్పు. దేంట్లో తడి ఉంది?"

తెలీదు అని చెప్పాలని ఓబులేసు నోరు తెరిచాడు. నోరు పని చేయకముందే తల ఊగింది. పక్కనున్న గుంత వైపుకి.

ఆమె ఆ గుంత మట్టిని గోటితో గీకి చూసింది.

"నీకు తెలీదు కదా" అంది మెల్లగా.

తల ఊగింది. అన్ని రోజుల్లో ఆ తల చెప్పిన నిజం అదొక్కటే.

సుంకులమ్మ ఇక మోసే ఓపిక లేక ఆ గుంతలోకే దిగి, తవ్వి వదిలేసిన మెత్తటి మట్టి మీద పడుకుంది. ఓబులేసు గట్టు మీద కూర్చుని ఆమెని చూస్తూ ఉండిపోయాడు. సిగ్గుతో మెడంతా ఎర్రబడింది. తల మటుకు ఆగలేదు.

సాయంత్రానికి పడమటి దిక్కున మబ్బు పట్టింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ కర్ర పట్టలేదు. వాన దంచి కొట్టింది. గట్టినేల మీద పడిన నీళ్ళు ఎప్పటిలాగే వంకలోకి జారి, వంకతో పాటు పోయినాయి. గుంతల్లో పడినవి మాత్రం పోవడానికి దారి లేక అక్కడే నిలిచి మెల్లగా ఇంకసాగినాయి. సుంకులమ్మ గుంత అంచుకి ఎక్కి, నానిన మట్టిలో చెయ్యి పెట్టి చూసింది. చల్లగా, మెత్తగా ఉంది. అక్కడే తవ్వి గుడ్లన్నీ పెట్టి మట్టి కప్పింది. పోయి హాయిగా నిద్రపోయింది.

తెల్లారేసరికి అందరూ గుంతల చుట్టూ చేరారు. ప్రతి గుంతలోనూ నీళ్ళే. పెద్దన్న రొమ్ము విరుచుకుని, నేను చెప్పలేదా, లోతు పోతే అవే పైకి వస్తాయి అన్నాడు. ఓబులేసు చూపించిన చోటు ఒక్కటన్నా తప్పు పోయిందా అని అందరినీ అడిగాడు.

ఓబులేసుకి ఇంక మనసొప్పలేదు. ఉన్న ధైర్యమంతా కూడదీసుకున్నాడు.

"అవి కింద నుంచి వచ్చినవి కాదప్పా, పై నుంచి పడినవి. నాకేం తెలీదు" అన్నాడు.

కానీ ఆ మాట చెప్తున్నంతసేపూ తల కిందికీ పైకీ ఊగుతూనే ఉంది. వాళ్ళు నోటి మాట నమ్మలేదు. ఎంత అణకువో చూడండి అని దండం పెట్టి, ఇంకో నాలుగు మిడతలు ముందర పెట్టి పోయారు.

అప్పటినుంచే తొండ తల ఊపుతూ ఉంది. కంచె మీద కూర్చున్నా అంతే, గోడ మీద కూర్చున్నా అంతే, నిప్పులాగా కాలే బండ మీద కూర్చున్నా అంతే. కావాలంటే మీరే పోయి, ఇక్కడ నీళ్ళున్నాయా అని అడిగి చూడండి. ఊపుతుంది. లేవా అని అడగండి. దానికీ ఊపుతుంది.