తీరం దాటిన మాట

ప్రశ్న అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు విస్సన్న మాస్టారికి లేదు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, విశాఖపట్నంలో ఒక టీవీ చానల్‌వాళ్లు పిలిస్తే వెళ్లి వాతావరణ వార్తలు చెప్పడం మొదలుపెట్టారు. తుఫాన్లు చూస్తూ చూస్తూ జుట్టు నెరిసింది. తర్వాత తెర మీద కనబడడం తగ్గించి కొత్తవాళ్లకు పని నేర్పసాగారు. వాళ్లెవరైనా "ఎందుకండీ?" అని అడిగితే, "చూద్దాం, ముందు మబ్బు విడవనీ" అనేవారు. అది జ్ఞానమని కొందరూ, తప్పించుకోవడమని కొందరూ అనుకునేవారు. ఆయన శిష్యురాలు రోహిణి మాత్రం రెండూ అనుకునేది, ఏ వారానికి ఆ వారం.

రోహిణిది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున గుల్లపేట. వేటకు వెళ్లే కుటుంబం. తండ్రి చిన్నప్పుడే పోతే చిన్నాన్న గురయ్య పెంచి చదివించాడు. ఆ పిల్ల వాతావరణశాస్త్రంలో పెద్ద చదువు చదివి, చానల్‌లో చేరి, ఉపగ్రహ చిత్రాలను వంటింటి డబ్బాల్లా గుర్తుపట్టడం నేర్చింది. తెలివికి లోటు లేదు. ఆ తెలివిని చానల్‌వాళ్లు వాడుకోనివ్వడం లేదన్నదే ఆ పిల్ల బాధ.

ఆ ఏడు కార్తీకంలో బంగాళాఖాతంలో తుఫాను లేచింది. మర్నాడు మధ్యాహ్నానికి గుల్లపేట దగ్గర తీరం దాటుతుందని వాతావరణ కేంద్రం బులెటిన్ పంపింది. రోహిణి తన లెక్క తాను వేసుకుంది. దాని ప్రకారం తుఫాను ఆఖరి నిమిషంలో ఒరిస్సా వైపు మళ్లాలి, గుల్లపేటకు నాలుగు చినుకులు తప్ప ఏమీ రాకూడదు. లెక్క ముచ్చటగా ఉంది. చూసినకొద్దీ నమ్మకం పెరిగింది.

"మాస్టారూ, కేంద్రంవాళ్లు ఒకటి చెప్పి, నా బుర్ర ఇంకొకటి చెబితే, తెర మీద ఏది చెప్పాలి? వాళ్లది చదవడానికే అయితే నేనెందుకు, చదువుకున్న చిలక చాలదా?" అని అడిగింది.

మాస్టారు ఆ లెక్కను శ్రద్ధగా చూశారు. తప్పు పట్టలేదు, మెచ్చుకోలేదు. "రేపు గుల్లపేట తుఫాను షెల్టర్ నుంచి నువ్వే లైవ్ చెప్పు. వాళ్ల మాట చదువు. నీ ప్రశ్న దాచిపెట్టు, తర్వాత చూద్దాం," అన్నారు.

రోహిణికి ఒళ్లు మండింది. పైగా ఆ సాయంత్రమే చిన్నాన్న ఫోన్ చేశాడు. "అమ్మీ, ఇటొస్తాదేటే? రాదనుకుంటే పడవ కాడే ఉండిపోతాను" అన్నాడు. కొత్త ఫైబర్ పడవ. కన్నబిడ్డకు దిష్టి తీసినట్టు దానికీ తీసేవాడు. 'రాదు చిన్నాన్నా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గురువు మాట కాదనలేక మింగింది. "వస్తాదనే అంటున్నారు. నువ్వూ పిన్నీ షెల్టర్‌కి పోండి," అంది. గురయ్య గొణుక్కుంటూ పడవను ఒడ్డుకు లాగి కట్టి, చాప చంకన పెట్టుకుని షెల్టర్ మెట్లెక్కాడు.

మర్నాడు తుఫాను ఎటూ మళ్లలేదు. కేంద్రం చెప్పినట్టే, చెప్పిన చోటికే వచ్చింది. పొద్దుటినుంచి సముద్రం మీంచి గాలి కొడుతూనే ఉంది. కొబ్బరిచెట్లు మొదలంటా వంగుతుంటే రోహిణి షెల్టర్ కిటికీలోంచి చూసింది. నిన్న తన లెక్కే చెప్పి ఉంటే ఈ హాల్లో ఎందరుండేవాళ్లు అన్న ఆలోచన వచ్చింది. ఇక సొంత బుర్ర జోలికి పోకూడదని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుంది. ఒక గోడ నుంచి పారిపోయి ఎదుటి గోడకు తల కొట్టుకోవడం తెలివైనవాళ్లకు కొత్త కాదు.

మధ్యాహ్నానికి గాలి ఉన్నట్టుండి పడిపోయింది. చినుకు కూడా ఆగింది. సరిగ్గా అప్పుడే బులెటిన్ వచ్చింది. కెమెరామన్ వేలెత్తి సైగ చేశాడు. హాల్లో జనమంతా వెనక, కెమెరా ముందర, మధ్యలో రోహిణి. అక్షరం పొల్లుపోకుండా చదివింది.

"తీవ్ర తుఫాను గుల్లపేట సమీపంలో తీరం దాటింది. తీరం దాటిన తర్వాత కూడా ఈదురుగాలులు కొనసాగుతాయి. ప్రజలు సురక్షిత ప్రాంతాల్లోనే ఉండాలి."

మూడు వాక్యాలూ ఉన్నాయి. మూడూ నిజమే. కాని హాల్లో మొదటి వాక్యం తర్వాత ఎవరూ ఏదీ వినలేదు. "దాటిపోయిందంటర్రా!" అని ఒక ముసలమ్మ చేతులెత్తి దండం పెట్టింది. గండం దాటిందంటారు, ప్రమాదం దాటిందంటారు. దాటిందంటే పోయిందనేగా మనకు అర్థం! ఆడవాళ్లు చాపలు చుట్టారు. మగవాళ్లు లుంగీలు ఎగ్గట్టి తలుపు వైపు నడిచారు. అందరికంటే ముందు గురయ్య మెట్లు దిగాడు.

రోహిణికి ఇదేమీ తెలియదు. కెమెరాకు వీపు చూపిస్తే చూసేవాళ్లకు వీపు చూపినట్టే అని చానల్‌లో మొదటిరోజు నేర్పే పాఠం. కళ్లు కెమెరా అద్దం మీదే నిలిపి, చిన్న తృప్తితో, చదివిందే రెండోసారి చదవబోయింది. స్టూడియోలో కూర్చుని తెర చూస్తున్న మాస్టారికి ఆమె భుజాల వెనక హాలు ఖాళీ అవడం కనబడింది. చెవిలోని యంత్రంలో ఆయన గొంతు వినబడింది.

"రోహిణీ, వెనక్కి చూడు."

చూసింది. ఖాళీ చోట్లూ, తలుపు దగ్గర తోపులాటా, ఆ తలుపులోంచి దూరంగా ఇసకలో పడవ వైపు పోతున్న చిన్నాన్నా కనబడ్డారు. మరుక్షణం కెమెరాకు వీపు పెట్టేసి, మైకు పట్టుకునే తలుపు దగ్గరకు పరిగెత్తింది. చానల్‌లో నేర్చిన తెలుగు ఎటు పోయిందో, పేటలో పుట్టిన గొంతు బయటికొచ్చింది.

"ఆగండర్రా! దాటడమంటే పోడం కాదు! సముద్రం దాటి ఊళ్లోకొచ్చీసింది! దొంగోడు గుమ్మం దాటి ఇంట్లోకొత్తే పోయినట్టేటర్రా?"

జనం ఆగారు. "గాలి పడిపోనాది గదే?" అంది ముసలమ్మ.

"ఇది దాని నడిబొడ్డు మామ్మా. ఇక్కడ గాలుండదు. ఇది జరిగిపోగానే మళ్లీ కొడతాది, ఈసారి ఊరి వైపు నుంచి సముద్రంలోకి తోస్తాది. ఒడ్డునున్నోడు ఇంక దొరకడు!"

ముసలమ్మ చాప మళ్లీ పరిచింది. దాన్ని చూసి పదిమంది పరిచారు. గురయ్య మాత్రం అప్పటికే పడవ దగ్గర తాడు పట్టుకుని ఉన్నాడు. పిన్ని మెట్ల మీద నిలబడి గొంతు చించుకుంది. రోహిణి కూడా అరిచింది. ఆయన ఇటు తిరిగి, చెయ్యూపి, కోపంగా కేకేశాడు. "దాటిందని నువ్వే గదే సెప్పినావు!"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. "సెప్పినాను చిన్నాన్నా! సెప్పడం రానేదు! నీకు దణ్ణం పెడతాను, రా!" అంటూ ఏడ్చేసింది. ఆ పిల్ల ఏడవడం గురయ్య ఎప్పుడోగాని చూడలేదు. పడవను ఒకసారి తడిమాడు. తాడు వదిలేసి తిరిగొచ్చాడు, పరిగెత్తకుండా, గొణుగుతూనే. ఆయన మెట్లెక్కి లోపలికి వచ్చి తల తుడుచుకుంటుండగా నైరుతి నుంచి గాలి లేచింది. బడి మీది రేకులు విసురుగా ఎగిరిపోయాయి. తెరిపిచ్చేసరికి ఇసకలో పాతిన గుంజ మిగిలింది. పడవ లేదు.

గురయ్య ఆ గుంజను చాలాసేపు చూశాడు. పిన్ని ఏడ్చింది. ఆయన ఏడవలేదు. సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "ఒసే అమ్మీ, ఆ దొంగోడి మాటేదో ముందే సెప్పి సావొచ్చు గదా" అన్నాడు. తిట్టాడో నవ్వాడో తెలియకపోయినా, తన ముద్దలోంచి సగం తీసి దాని చేతిలో పెట్టాడు.

విశాఖపట్నం తిరిగొచ్చాక చానల్ పెద్ద రోహిణిని పిలిచి, అంతసేపు వీపు చూపించిన యాంకర్‌ను తన జన్మలో చూడలేదన్నాడు. ఊళ్లో అందరూ బతికారని ఎవరో గుర్తుచేస్తే, అది వేరే విభాగం అన్నట్టు ముఖం పెట్టాడు. రోహిణి అక్కణ్ణించి తిన్నగా మాస్టారి గదికి వెళ్లింది. ఆకాశం తేటగా ఉంది. దాచుకున్న ప్రశ్న తీసింది.

"నా లెక్క చెప్పి ఉంటే ఊరు పోయేది మాస్టారూ. కేంద్రంవాళ్ల మాట ఉన్నదున్నట్టు చదివితే మా చిన్నాన్న పోబోయాడు. చివరికి నా మాట చెబితేగాని ఆగలేదు. మరి తెర మీద ఎవరి మాట చెప్పాలి?"

మాస్టారు చదువుతున్న కాగితం పక్కన పెట్టారు.

"రెండుసార్లూ నువ్వు చెప్పింది వాళ్ల మాటేనమ్మా," అన్నారు. "రెండోసారి జనం వైపు తిరిగి చెప్పావు."